పీఎస్‌క్యూఎల్‌లో నడిచి జావాలో ఆగిన క్వెరీ: జేసన్‌బి ‘?’ ఆపరేటర్ మీద కేస్ స్టడీ

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ‘ఆర్డర్లు’ అనే టేబుల్. అందులో ‘వివరాలు’ అనే జేసన్‌బి (కీ, విలువల జతలను దాచే టైపు) కాలమ్. కూపన్ వాడిన ఆర్డర్లను వెతకాలి. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో, ‘కూపన్’ అనే కీ ఉందా అని అడిగే ఈ కండిషన్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది:

వివరాలు ? 'కూపన్'

దీన్నే జావా అప్లికేషన్‌లోకి తెచ్చి, షాపు ఐడీని కూడా కలిపి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌గా (విలువల చోటు ఖాళీగా ఉంచి, వాటిని విడిగా ఇచ్చే క్వెరీ) పంపితే ఆగిపోతుంది:

వివరాలు ? 'కూపన్' అండ్ షాపు_ఐడి = ?

(కోడ్ ముక్కల్లో కీవర్డులు తెలుగు లిపిలో ఉన్నాయి. గుర్తులు మాత్రం టైప్ చేయాల్సినవి ఉన్నవి ఉన్నట్టే.)

షాపు ఐడి ఒక్కటే కదా అని ఒకటో పారామీటర్‌కు విలువ ఇస్తే, “నో వాల్యూ స్పెసిఫైడ్ ఫర్ పారామీటర్ 2” అంటుంది. సరే, రెండోది కూడా ఇచ్చి చూస్తే “సింటాక్స్ ఎర్రర్ ఎట్ ఆర్ నియర్ "$1"” అంటుంది. కోడ్‌లో ఎవరూ $1 అని రాయలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుంటే సగం కేసు తేలినట్టే.

గొడవ ఎక్కడ మొదలైంది

పోస్ట్‌గ్రెస్ సర్వర్‌కు ప్లేస్‌హోల్డర్‌గా (విలువ వచ్చే చోటును చూపే గుర్తుగా) ‘?’ తెలియదు. దాని ప్రోటోకాల్‌లో పారామీటర్లు $1, $2 రూపంలోనే ఉంటాయి. ‘?’ జేడీబీసీ, ఓడీబీసీల (అప్లికేషన్లు డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతులు) ఆచారం. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనూ డైనమిక్ పారామీటర్‌కు అదే గుర్తు. అందుకే పీజీజేడీబీసీ అనే జావా డ్రైవర్ మన క్వెరీని అక్షరం అక్షరం చదివి, కనిపించిన ప్రతి ‘?’నూ వరుసగా $1, $2గా మార్చి సర్వర్‌కు పంపుతుంది. కోట్లలో (కొటేషన్ గుర్తుల మధ్య) ఉన్నవి, కామెంట్లలో ఉన్నవి, డాలర్ కోట్ల మధ్య ఉన్నవి వదిలేస్తుంది. మిగిలినవన్నీ దాని లెక్కలో ప్లేస్‌హోల్డర్లే. అలా సర్వర్‌కు చేరింది ఇది:

వివరాలు $1 'కూపన్' అండ్ షాపు_ఐడి = $2

రెండు విలువల మధ్య ఆపరేటర్ మాయమైంది. సింటాక్స్ ఎర్రర్ రాక ఏమవుతుంది?

పోస్ట్‌గ్రెస్ వైపు చూస్తే దాని తప్పూ లేదు. ఆపరేటర్ పేర్లను యూజరే పెట్టుకోవచ్చన్నది ఆ డేటాబేస్ మొదటి నుంచీ పట్టుకున్న పద్ధతి. + - * / < > = ~ ! @ # % ^ & | ` ? ఈ గుర్తులలో వేటితోనైనా, 63 గుర్తుల పొడవు దాకా ఆపరేటర్ కట్టుకోవచ్చు. ‘$’, ‘:’ ఈ జాబితాలో లేవు. అందుకే $1 ఏ ఆపరేటర్‌తోనూ తగువు పడదు. ‘?’, ‘%’ మాత్రం ఆ జాబితాలోనే ఉన్నాయి. వాటినే ప్లేస్‌హోల్డర్లుగా ఎంచుకున్న భాషల్లో గొడవ తప్పదు.

జేసన్‌బి 2014 డిసెంబరులో 9.4 వెర్షన్‌తో వచ్చింది. ‘?’ ఒక కీ ఉందా అని, ‘?|’ ఇచ్చిన కీలలో ఏదైనా ఉందా అని, ‘?&’ అన్నీ ఉన్నాయా అని అడుగుతాయి. కీ, విలువల జతలనే దాచే హెచ్‌స్టోర్ టైపులోనూ ఇవే గుర్తులు. జామెట్రీ టైపుల్లో ?#, ?-, ?-|, ?|| ఉన్నాయి. 2019లో 12వ వెర్షన్‌తో జేసన్‌పాత్ (జేసన్ లోపల వెతికే చిన్న భాష) వచ్చినప్పుడు ‘@?’ కూడా చేరింది. జామెట్రీలో ‘?-’ను ఒక గీత ముందు పెడితే అది అడ్డంగా ఉందా అని అడిగినట్టు. డ్రైవర్ చేతిలో పడ్డాక అదే $1 మైనస్ గీత అనే తీసివేత అవుతుంది. అప్పుడు వచ్చే ఎర్రర్ ఆపరేటర్ లేదనో, టైపు తప్పనో చెబుతుంది తప్ప ప్లేస్‌హోల్డర్ ఊసే ఎత్తదు. ఈ రకం తప్పు పట్టుకోవడం ఇంకా కష్టం.

పట్టుకునే పద్ధతి

ముందు చూడాల్సింది సర్వర్ లాగ్. ఎర్రర్ వచ్చిన స్టేట్‌మెంట్‌ను లాగ్‌లో రాయడం పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ సెట్టింగే. అక్కడ ‘స్టేట్‌మెంట్’ లైన్‌లో $1 ఆపరేటర్ స్థానంలో కూర్చుని ఉంటే డ్రైవర్ మార్చిందని తెలిసిపోతుంది. లాగ్‌లో అసలు ఏమీ లేకపోతే క్వెరీ సర్వర్ దాకా రాలేదు, డ్రైవరో దానిపైన ఉన్న ఫ్రేమ్‌వర్కో ఆపేసింది. పై కేసులో మొదటి ఎర్రర్ రెండో రకం, రెండో ఎర్రర్ మొదటి రకం. అప్లికేషన్ వైపు ఎర్రర్ మాత్రమే చూస్తూ కూర్చుంటే రెండూ ఒకే తప్పు తాలూకు రెండు ముఖాలని తోచదు.

టెస్ట్ బెంచ్

కింద చెప్పే మందు ఏదైనా ఎర్రర్‌ను ఆపుతుంది. ఇండెక్స్‌ను నిలబెడుతుందా లేదా అన్నది చూడాలంటే చిన్న టేబుల్ చాలదు. పీఎస్‌క్యూఎల్‌లోనే 1 నుంచి 10,00,000 దాకా జెనరేట్ సిరీస్‌తో వరుసలు నింపండి. షాపు_ఐడి = ఎన్ % 7. ప్రతి వరుసలోనూ వివరాల్లో ‘నంబర్’ అనే కీ, ఎన్ % 1000 = 0 అయిన వరుసల్లో అదనంగా ‘కూపన్’ కీ. అంటే సరిగ్గా 1,000 వరుసల్లో కూపన్ ఉంటుంది. వివరాల మీద జిన్ ఇండెక్స్ (జేసన్‌బి లోపలి కీలను వెతకగలిగేది) కట్టండి, ఆపరేటర్ క్లాస్ (ఏ ఆపరేటర్లకు ఇండెక్స్ పనికొస్తుందో తేల్చేది) ఏమీ చెప్పకుండా. చివర అనలైజ్ చేయండి.

ఆపరేటర్ క్లాస్ విషయంలో జాగ్రత్త. ఏమీ చెప్పకపోతే జేసన్‌బి_ఆప్స్ వస్తుంది, అది ?, ?|, ?& మూడింటినీ అందుకుంటుంది. ఇండెక్స్ చిన్నదవుతుందని జేసన్‌బి_పాత్_ఆప్స్ పెట్టిన చోట్ల @>, @?, @@ మాత్రమే పనిచేస్తాయి. అక్కడ ‘?’ను ఎంత సరిగా ఎస్కేప్ చేసినా (ప్లేస్‌హోల్డర్ కాదని డ్రైవర్‌కు తెలిసేలా రాసినా) మొత్తం టేబుల్ చదవక తప్పదు. ఎస్కేప్ చేశాక కూడా క్వెరీ నెమ్మదిగా ఉందంటే మొదట ఇండెక్స్ నిర్వచనం తీసి చూడాలి.

పీఎస్‌క్యూఎల్‌లో మూల కండిషన్‌కు ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ నడిచే ప్లాన్‌ను చూపే కమాండ్) చూస్తే బిట్‌మ్యాప్ ఇండెక్స్ స్కాన్, దాని మీద బిట్‌మ్యాప్ హీప్ స్కాన్, రీచెక్ కండిషన్‌లో ‘?’ ఆపరేటర్ కనిపిస్తాయి. ఇక మీదట ఏ మందు వేసినా ప్లాన్ ఈ ఆకారంలోనే ఉండాలి.

ఎర్రర్ పోయి ఇండెక్స్ కూడా పోయే మందులు

అందరూ ముందుగా పట్టుకునేది జేసన్‌బి_ఎగ్జిస్ట్స్ ఫంక్షన్. ‘?’ ఆపరేటర్ వెనక నిజంగా పనిచేసేది అదే. జేసన్‌బి_ఎగ్జిస్ట్స్(వివరాలు, 'కూపన్') అని రాస్తే ప్రశ్నార్థకమే ఉండదు, ఎర్రర్ ఉండదు, ఫలితం అదే. టెస్టులు పాస్ అవుతాయి. కానీ ఎక్స్‌ప్లెయిన్‌లో సీక్వెన్షియల్ స్కాన్ (మొత్తం టేబుల్ చదవడం) వస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్లానర్ (క్వెరీ నడిచే దారిని ఎంచుకునే భాగం) జిన్ ఇండెక్స్‌ను ఆపరేటర్ ద్వారానే గుర్తుపడుతుంది, ఆపరేటర్ వెనక ఉన్న ఫంక్షన్ పేరుతో కాదు. ఫంక్షన్ కాల్ దానికి మామూలు ఫిల్టర్.

నష్టం అక్కడితో ఆగదు. బూలియన్ ఫంక్షన్ ఎన్ని వరుసలను వదులుతుందో ప్లానర్‌కు అంచనా లేదు కాబట్టి మూడో వంతు అనుకుంటుంది. 10 లక్షల్లో సుమారు 3,33,333. అసలు వచ్చేవి 1,000. ఈ క్వెరీకి మరో టేబుల్‌తో జాయిన్ ఉంటే ఆ తప్పుడు అంచనా మీదే జాయిన్ పద్ధతి కూడా ఎంపికవుతుంది. చిన్న డెవలప్‌మెంట్ డేటాబేస్‌లో ఇవేవీ కనిపించవు. డేటా పెరిగిన ప్రొడక్షన్‌లోనే బయటపడతాయి. అందుకే ఈ మందును సింటాక్స్ ఎర్రర్ కంటే ప్రమాదకరమైనదిగా చూడాలి.

రెండో మందు సొంత ఆపరేటర్. ‘~@’ లాంటి పేరుతో, జేసన్‌బి_ఎగ్జిస్ట్స్‌నే వెనక పెట్టి క్రియేట్ ఆపరేటర్ చేయడం. ప్రశ్నార్థకం పోతుంది. ఇండెక్స్ రాదు. ఈ కొత్త ఆపరేటర్ జేసన్‌బి_ఆప్స్ కుటుంబంలో లేదు. ఎస్టిమేటర్ (ఎన్ని వరుసలు వస్తాయో లెక్కవేసే ఫంక్షన్) చెప్పకపోతే అంచనా ఇంకా దారుణం: సగం వరుసలు, అంటే 5,00,000. దాన్ని ఉన్న కుటుంబంలో చేర్చుదామంటే ఆ స్థానం (స్ట్రాటజీ నంబర్ 9) ఇప్పటికే ‘?’ది. కొత్త ఆపరేటర్ క్లాస్, దాని మీద కొత్త ఇండెక్స్ కట్టాలి. ఆపరేటర్ క్లాస్ సృష్టికి సూపర్‌యూజర్ హక్కు కావాలి. క్లౌడ్ సర్వీసుల్లో ఆ హక్కు సాధారణంగా మన చేతికి రాదు. ఒక్క గుర్తు కోసం ఇంత దూరం పోనక్కర్లేదు.

మూడోది అర్థాన్నే మార్చేస్తుంది: వివరాలు ->> 'కూపన్' ఈజ్ నాట్ నల్. కూపన్ కీ ఉండి దాని విలువ జేసన్ నల్ అయితే ‘?’ అవునంటుంది, ఈ కండిషన్ కాదంటుంది. ఒకే బాణం (->) వాడితే ఆబ్జెక్టుల విషయంలో ‘?’ అర్థం నిలుస్తుంది, ఎందుకంటే జేసన్ నల్, ఎస్‌క్యూఎల్ నల్ ఒకటి కావు. ఈ తేడా మీద కింద ఒక మంచి దారి ఉంది.

నిలబడే మందులు

పీజీజేడీబీసీలో ఎస్కేప్ ‘??’. రెండు ప్రశ్నార్థకాలు పక్కపక్కన కనిపిస్తే డ్రైవర్ వాటిని ఒకటిగా చేసి ఆపరేటర్‌గా వదిలేస్తుంది:

వివరాలు ?? 'కూపన్' అండ్ షాపు_ఐడి = ?

‘?|’ అయితే ‘??|’, ‘?&’ అయితే ‘??&’, ‘@?’ అయితే ‘@??’. సర్వర్‌కు అసలు ఆపరేటరే చేరుతుంది కాబట్టి ప్లాన్ పీఎస్‌క్యూఎల్‌లో చూసిన ప్లానే. కీ కూడా పారామీటర్ అయితే ‘వివరాలు ?? ?’ అని రాసి సెట్‌స్ట్రింగ్ చేస్తే చాలు. ‘??|’కు మాత్రం సెట్‌స్ట్రింగ్ పనికిరాదు. అది వార్‌చార్‌గా వెళ్లి “ఆపరేటర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్: జేసన్‌బి ?| క్యారెక్టర్ వేరియింగ్” అని తిరిగొస్తుంది. క్రియేట్‌అరేఆఫ్‌తో టెక్స్ట్ అరే చేసి సెట్‌అరే వాడాలి. ఎర్రర్‌లో ‘?|’ సరిగా కనిపిస్తోందంటే ఎస్కేప్ పనిచేసింది, తప్పు టైపులో ఉంది.

జేసన్‌పాత్ లోపల రాసే ఫిల్టర్ ‘?’, అంటే '$.వస్తువులు[*] ? (@.ధర > 500)' లాంటిది, సింగిల్ కోట్లలో ఉంటుంది. దాన్ని డబుల్ చేయకూడదు. చేస్తే ‘??’ అలాగే సర్వర్‌కు వెళ్లి జేసన్‌పాత్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అదే క్వెరీలో బయట ఉన్న ‘@?’ను మాత్రం ‘@??’ చేయాలి. ఒకే లైన్లో ఒకటి రెట్టింపు, ఒకటి ఒంటరి. రివ్యూ చేసేవాళ్లకు ఇది తప్పులా కనిపిస్తుంది కాబట్టి పక్కన ఒక కామెంట్ పెట్టడం మేలు.

రెండో మంచి దారి, ఒకే క్వెరీని పలు భాషల నుంచి వాడే చోట నేను ముందుగా సూచించేది, ఇన్‌లైన్ అయ్యే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్:

క్రియేట్ ఫంక్షన్ కీ_ఉందా(జేసన్‌బి, టెక్స్ట్) రిటర్న్స్ బూలియన్ లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్ ఇమ్యూటబుల్ యాజ్ $$ సెలెక్ట్ $1 ? $2 $$;

పైకి జేసన్‌బి_ఎగ్జిస్ట్స్‌లాగే కనిపిస్తుంది, కానీ ప్లానర్ దీన్ని విప్పి లోపలి ‘$1 ? $2’ను క్వెరీలోనే పరిచేస్తుంది. ఆ తర్వాత అది మామూలు ఆపరేటరే. ఇండెక్స్ వస్తుంది, అంచనా కూడా ఆపరేటర్‌దే. ఎక్స్‌ప్లెయిన్‌లో కీ_ఉందా అనే పేరు కనిపించకూడదు. కనిపించిందంటే ఇన్‌లైన్ కాలేదు.

ఎందుకు కాదంటే మామూలుగా కారణాలు మూడు. ఫంక్షన్‌ను పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో రాశారు, అది ఎప్పుడూ విప్పబడదు. లేదా సెక్యూరిటీ డిఫైనర్ పెట్టారు. లేదా ‘సెట్ సెర్చ్_పాత్’ క్లాజ్ చేర్చారు. మూడోది ఎక్కువగా జరుగుతుంది. ప్రతి ఫంక్షన్‌కూ సెర్చ్_పాత్ పెట్టమని చెప్పే భద్రతా నియమాలు చాలా జట్లలో ఉన్నాయి. మంచి నియమమే, కానీ ఆ క్లాజ్ ఉన్న ఫంక్షన్‌ను ప్లానర్ విప్పదు. సెర్చ్_పాత్ భయం ఉంటే లోపల ఆపరేటర్‌కే స్కీమా చెప్పండి: $1 ఆపరేటర్(పీజీ_క్యాటలాగ్.?) $2. ఫంక్షన్ విప్పుకుంటుంది, దారి తప్పే అవకాశమూ పోతుంది.

మూడో దారి, కీ ఎప్పుడూ ఒకటే అయినప్పుడు. మన కేసులో ‘కూపన్’ మారదు. అలాంటప్పుడు మొత్తం కాలమ్ మీద జిన్ ఎందుకు? షాపు_ఐడి మీద పార్షియల్ బీట్రీ ఇండెక్స్ (షరతు తీరిన వరుసలకే కట్టేది), దాని వేర్ భాగంలో (వివరాలు -> 'కూపన్') ఈజ్ నాట్ నల్. క్వెరీలోనూ అదే కండిషన్ అక్షరాలా రాయాలి. ప్రశ్నార్థకం ఎక్కడా లేదు, ఇండెక్స్‌లో 1,000 ఎంట్రీలే ఉంటాయి, వరుస మారినప్పుడల్లా జిన్‌ను మోయాల్సిన భారం తగ్గుతుంది. షరతు ఒక్కటే: ‘కూపన్’ను పారామీటర్‌గా పంపకూడదు. జెనరిక్ ప్లాన్‌లో (ఏ విలువకైనా సరిపోయేలా ఒకసారి వేసిన ప్లాన్) $1 విలువ ఏమిటో తెలియక, పార్షియల్ ఇండెక్స్ షరతు తీరుతుందని ప్లానర్ రుజువు చేసుకోలేదు.

మధ్యలో స్ప్రింగ్ ఉంటే

పై లెక్కంతా డ్రైవర్‌తో నేరుగా మాట్లాడినప్పటిది. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్‌లోని నేమ్డ్ పారామీటర్ జేడీబీసీ టెంప్లేట్ వాడితే క్వెరీని ఇద్దరు చదువుతారు: ముందు స్ప్రింగ్, తర్వాత డ్రైవర్.

‘వివరాలు ? :కీ’ అని రాస్తే స్ప్రింగే ఆపుతుంది. పేరున్న పారామీటర్లనూ, మామూలు ‘?’నూ కలపకూడదంటుంది. ఇది మంచి ఎర్రర్, కారణం అందులోనే ఉంది. మోసం చేసేది ‘?|’. స్ప్రింగ్ పార్సర్ ‘??’, ‘?|’, ‘?&’లను పోస్ట్‌గ్రెస్ ఆపరేటర్లుగా గుర్తించి దాటేస్తుంది. అందుకని ‘వివరాలు ?| :కీలు’ స్ప్రింగ్ దగ్గర పాస్ అయిపోతుంది. తర్వాత డ్రైవర్ చేతిలో పడి ‘$1|’ అవుతుంది. స్ప్రింగ్‌కు చెల్లింది కదా అని డ్రైవర్‌కు చెల్లదు. ఇద్దరికీ చెల్లేది ‘??|’ ఒక్కటే.

ఇంకో మెలిక, :కీలు అనే పేరుకు లిస్ట్ ఇస్తే స్ప్రింగ్ దాన్ని ?, ?, ? అని విడదీస్తుంది. ఇన్ క్లాజ్ కోసం చేసిన ఏర్పాటు అది. అరే కావాలంటే ఇలా రాయాలి:

వివరాలు ??| క్యాస్ట్(అరే[:కీలు] యాజ్ టెక్స్ట్[])

క్యాస్ట్ అలంకారం కాదు. లిస్ట్ ఖాళీగా వచ్చిన రోజు ‘అరే[]’ మిగులుతుంది, టైపు తెలియని ఖాళీ అరేను పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. లిస్ట్ పొడవు మారిన ప్రతిసారీ క్వెరీ పాఠం మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. డ్రైవర్ స్టేట్‌మెంట్ క్యాష్ డిఫాల్ట్ కనెక్షన్‌కు 256 క్వెరీలు.

వేరే భాషల్లో ఇదే క్వెరీ

పీహెచ్‌పీ పీడీఓలో 7.4 వెర్షన్ (2019 నవంబరు) నుంచి ‘??’ పనిచేస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో ఎస్కేప్ లేదు, కీ_ఉందా లాంటి ఫంక్షనే గతి.

నోడ్‌లో నెక్స్ క్వెరీ బిల్డర్ దగ్గర ‘??’ అర్థమే వేరు. రా క్వెరీలో అది కాలమ్, టేబుల్ పేర్లకు ప్లేస్‌హోల్డర్. జావా నుంచి ‘??’ను తెచ్చి అతికిస్తే ఆపరేటర్ స్థానంలో కోట్లలో పెట్టిన ఏదో పేరు కూర్చుంటుంది. అక్కడ బ్యాక్‌స్లాష్‌తో \? అని రాయాలి. జావాస్క్రిప్ట్ స్ట్రింగ్‌లో అది \\? అవుతుంది. పెర్ల్ డీబీడీ పీజీలో డాలర్ ప్లేస్‌హోల్డర్లు మాత్రమే చదవమనే అట్రిబ్యూట్ ఉంది, అది ఆన్ చేసి $1 రాసుకోవడం అన్నిటికంటే శుభ్రం. గో, నోడ్‌లలో మూల డ్రైవర్లు ముందునుంచీ $1నే వాడతాయి కాబట్టి ఈ తగువే లేదు.

పైథాన్‌లో ‘?’ హాయిగా నడుస్తుంది. అక్కడ గొడవ ‘%’తో. సైకోపీజీ ప్లేస్‌హోల్డర్ %ఎస్. ట్రైగ్రామ్ (మూడక్షరాల ముక్కలతో పోల్చే) సారూప్యతకు ఆపరేటర్ ‘%’, శేషానికీ ‘%’, లైక్ నమూనాలోనూ ‘%’. పారామీటర్లు పంపేటప్పుడు ప్రతి ‘%’నూ ‘%%’ చేయాలి, కోట్లలో ఉన్నది కూడా. జేడీబీసీలో కోట్ల లోపల ముట్టుకోకూడదు, ఇక్కడ ముట్టుకోవాలి. పైగా, పారామీటర్లు ఏవీ ఇవ్వకపోతే సైకోపీజీ ‘%’ను అసలు చూడదు. టెస్ట్ బెంచ్ వరుసలను పైథాన్ నుంచి పారామీటర్ లేకుండా నింపుతూ ‘ఎన్ %% 1000’ అని రాస్తే, ‘ఇంటీజర్ %% ఇంటీజర్’ అనే ఆపరేటర్ లేదని సర్వర్ అంటుంది. సైకోపీజీ 3.2లో రా కర్సర్ వచ్చింది. అందులో $1 నేరుగా రాయొచ్చు, రెట్టింపు లెక్క అక్కర్లేదు.

కోలన్ ఆపరేటర్ గుర్తు కాకపోయినా టైపు మార్పిడి ‘::’ దగ్గర తంటా ఉంది. ‘:విలువ::జేసన్‌బి’ అని స్ప్రింగ్‌లో రాస్తే నడుస్తుంది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ టెక్స్ట్ క్వెరీలో రాస్తే ఆ పేరు పారామీటర్‌గా గుర్తింపు పొందక కోలన్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. క్యాస్ట్(:విలువ యాజ్ జేసన్‌బి) అంతటా నడుస్తుంది. రాయడానికి కాస్త పొడవు, అంతే.

సింపుల్ మోడ్ దారి పట్టవద్దు

పీజీజేడీబీసీ సెట్టింగ్ ‘ప్రిఫర్ క్వెరీ మోడ్’ను సింపుల్ చేస్తే $1 గొడవ పోతుందనుకుని మార్చేవాళ్లున్నారు. పోదు. ‘?’ను వెతికే పని ఏ మోడ్‌లోనైనా డ్రైవర్‌దే. తేడా ఏమిటంటే సింపుల్ మోడ్‌లో విలువలను డ్రైవరే క్వెరీ పాఠంలో అతికిస్తుంది. ఇక్కడే ఆపరేటర్ గుర్తుకూ ప్లేస్‌హోల్డర్‌కూ మధ్య మరో ఢీ దాగి ఉంది: ‘-?’ అని రాసిన చోట -1 వస్తే అది ‘--1’ అవుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు ‘--’ కామెంట్. లైన్‌లో మిగతా భాగం కామెంటై, అదే లైన్లో తర్వాత వచ్చే స్ట్రింగ్ పారామీటర్‌లో కొత్త లైన్ ఉంటే ఆ తర్వాతి పాఠం ఎస్‌క్యూఎల్‌గా నడుస్తుంది. ఇదే 2024లో బయటపడ్డ సీవీఈ-2024-1597 ఇంజెక్షన్ లోపం. 42.7.2లో సరిచేశారు, పాత వరుసలకూ సవరణలు విడుదలయ్యాయి. డిఫాల్ట్ మోడ్‌లో ఈ ప్రమాదం లేదు. పీజీబౌన్సర్ (డేటాబేస్ కనెక్షన్లను పంచే మధ్యవర్తి) కోసం సింపుల్ మోడ్ పెట్టుకున్నవాళ్లు బౌన్సర్ 1.21 నుంచి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు మద్దతు ఉందని గమనించి ఆ సెట్టింగ్ తీసేయవచ్చు.

విడుదల క్రమం

మన కేసులో కీ స్థిరం కాబట్టి పార్షియల్ ఇండెక్స్, కీ మారే సెర్చ్ స్క్రీన్ కోసం కీ_ఉందా ఫంక్షన్, ఈ రెండూ తీసుకోవాలి. ఫంక్షన్ మైగ్రేషన్ కోడ్ కంటే ముందు వెళ్లాలి. ఇండెక్స్‌ను కాంకరెంట్లీ కట్టాలి, అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు కాబట్టి ఆ మైగ్రేషన్ ఫైల్‌ను విడిగా, ట్రాన్సాక్షన్ లేకుండా నడిపేలా గుర్తుపెట్టాలి. మధ్యలో ఆగిపోతే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి.

టెస్టులు అసలైన పోస్ట్‌గ్రెస్ మీద, అసలైన డ్రైవర్‌తో నడవాలి. మెమరీ డేటాబేస్‌లో ఈ ఆపరేటర్లే లేవు. ఫలితం సరిపోయిందో లేదో చూసే టెస్ట్ పక్కన, పది లక్షల బెంచ్ మీద అప్లికేషన్ పంపే పాఠానికే ఎక్స్‌ప్లెయిన్ తగిలించి, ‘సీక్ స్కాన్’ అనే మాట వస్తే ఫెయిల్ అయ్యే టెస్ట్ ఒకటి పెట్టండి. ఆరు నెలల తర్వాత ఎవరో కీ_ఉందా ఫంక్షన్‌కు సెర్చ్_పాత్ చేర్చిన రోజు ఎర్ర లైట్ వెలిగేది దానికే.